ఉప్పు చూసిన తుపాకీ

ఘాట్ గస్తీ దళం పిస్తోలుకు ఏమేం తగిలించాలో తేల్చడానికి ఎర్రకొండ ప్రయోగశాలలో ఏడుగురు కూర్చున్నారు. ఆ ఏడుగురిలో పిస్తోలును ముక్కలుగా విప్పి మళ్లీ బిగించగలిగిన మనిషి సుంకులమ్మ ఒక్కతే. అందుకేనేమో ఆమెకు చివరి కుర్చీ వేశారు.

కంపెనీ ఏజెంటు బల్ల మీద పచ్చ గుడ్డ పరిచి, గాజులమ్మే వాడిలా ఒక్కొక్క సరుకూ పేర్చాడు. మొత్తం పదకొండు. ఎర్ర చుక్క వేసే లేజరు, గురి చూసుకోవడానికి చీకట్లో మెరిసే సైటు, టార్చి, తేలిక ట్రిగ్గరు, పెద్ద మ్యాగజీను, కొత్త రబ్బరు పిడి, ఇంకా ఏవేవో. పాత పిస్తోలు వాటి మధ్యలో బీద బంధువులా పడుంది.

"అన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ పెట్టించేస్తే పోలా?" అన్నారు చైర్మన్ వరదరాజులు గారు. ఆయనకు భోజనాల వేళ దాటుతోంది.

"పెట్టించొచ్చు సార్, పెళ్లికూతురికి ఏడువారాల నగలు పెట్టినట్టు," అంది సుంకులమ్మ. "మల్ల ఆ బరువుతో దాన్ని ఒరలోంచి తియ్యల్లంటే ఇంకో ఇద్దరు సాయం రావల్ల."

ఎవరో నవ్వారు. ఏజెంటు నవ్వలేదు.

"తుపాకీకి ఏం తగిలించాలని అడగొద్దు సార్. యాడ అది మనిషిని ఇబ్బంది పెడుతుండాదో అడగండి. మసక చీకట్లో ముందర గురిచుక్క కనపడదు, అది మార్చండి. ఘాట్‌లో ఎదురుగా ఉండేది మనిషో మానో తెలీదు, టార్చి పెట్టండి. వానకు పిడి జారుతుండాది, దాని సంగతి చూడండి. మిగతావన్నీ ముచ్చటకు."

"తేలిక ట్రిగ్గరు?" అన్నాడు ఏజెంటు ఆశ చావక.

"అది అసలే వద్దు. చెమట పట్టిన వేలికి తేలిక ట్రిగ్గర్ ఇస్తే తూటా మన మాట వినదు."

"ఆ మాట నిజం," అని మూడో కుర్చీలోంచి ఒక గొంతు వినిపించింది. కమాండెంట్ చక్రపాణి. తన చేతుల వంక చూసుకుంటూ అన్నాడు. "ట్రిగ్గర్ జోలికి వెళ్లొద్దు."

సుంకులమ్మకు ఒళ్లు మండిపోయింది. తన మాట తప్పని అతను వాదించి ఉంటే బాగుండేది. ఈ లోకంలో ఎవరు మెచ్చుకున్నా ఫరవాలేదు కానీ, తమ్ముణ్ణి కాల్చి చంపిన వాడు తన మాటకు తలూపడమేమిటి?

అతనికి ఆమె ఎవరో తెలీదు. అత్తారింటి పేరు వేరు, ఆ రోజుల్లో ఆమె ఉద్యోగం వేరే జిల్లాలో. ఆరేళ్ల కిందట ఆమె తమ్ముడు మద్దిలేటి ట్రాలీ ఆటోలో సీతాఫలాల గంపలేసుకుని ఘాట్ దిగుతున్నాడు. చెక్‌పోస్టు దగ్గర ఆపారు. కాగితాలు అడిగారు. కాగితాలున్న బిస్కెట్ డబ్బా కోసం సీటు కిందికి వంగాడు. అప్పుడు ఇన్‌స్పెక్టరుగా ఉన్న చక్రపాణి ఒక్క తూటా కాల్చాడు. 'ఆయుధం తీస్తున్నాడనుకున్నాను, ప్రాణభయంతో కాల్చాను' అని రాసిచ్చాడు. కాల్చింది తనేనని ఒప్పుకున్నాడు కాబట్టి పిస్తోలును ఎవరూ పరీక్షకు కాల్చి చూడలేదు. సంచీలో వేసి లక్కసీలు కొట్టారు. విచారణ అయిదేళ్లకు పైగా నత్తనడక నడిచి, భయం నిజమేనని తేల్చి చేతులు దులుపుకుంది. భయపడ్డవాడికి రెండు ప్రమోషన్లొచ్చాయి.

ఆ డబ్బా ఇప్పుడు సుంకులమ్మ ఇంట్లో ఉంది, మద్దిలేటి పెళ్లాం ఈరమ్మ దగ్గర. మొగుడు పోయాక వదిన దగ్గరికే వచ్చి జొన్నరొట్టెలు చేసి అమ్ముకుంటోంది. పొద్దున లేవగానే ఆ డబ్బా తుడుస్తుంది. లోపల లైసెన్సు, ఆర్సీ, పసుపు పూసిన పెళ్లి ఫోటో. పిల్లల్లేరు. పండగొచ్చినా ఆ ఇంట్లో బాణలి పొయ్యి మీదికెక్కదు. వంకాయంటే మద్దిలేటికి ప్రాణం. ఆరేళ్లుగా ఆ గడప లోపలికి వంకాయ రాలేదు.

"వాడు భయపడినాడంట!" అనేది ఈరమ్మ, రొట్టె తడుతూ. "డబ్బా తీసేటోణ్ణి చూసి భయపడేటోడు తుపాకీ ఎందుకు పట్టుకున్నాడు? వదినా, ఆ పొద్దు పీనుగు మింద చెయ్యేసి నాకేం మాటిచ్చినావో గుర్తుండాదా?"

"వాని చేత్తోనే వాన్ని పట్టిస్తానన్యా."

"ఎప్పుడు?"

సుంకులమ్మ దగ్గర ఉన్నది కసి ఒక్కటే. దాన్ని ఆమె పూటపూటా కుంపటికి ఊదినట్టు ఊదుకుంటూనే ఉంది.

కమిటీ చివరికి ఆమె చెప్పిన మూడింటికే ఒప్పుకుంది. పన్నెండు పిస్తోళ్ల మీద ప్రయత్నం చేసి చూడమన్నారు. ఏ పన్నెండన్నది ఆమె ఇష్టం. ఆయుధాగారం జాబితాలో వేలు పెట్టి దిగుతూ దిగుతూ ఒక నంబరు దగ్గర ఆగింది. రెండొందల పన్నెండు. మద్దిలేటి కేసు మూసేశాక ఈమధ్యే సీలు విప్పి తిరిగొచ్చిన పిస్తోలు. ఆరేళ్లలో ఒక్కసారీ పేలలేదని రిజిస్టరు చెబుతోంది.

దాన్ని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు ముట్టుకోలేదు. తరవాత పనిలో పడింది. పాత సైటు ఊడదీసి కొత్తది బిగించింది. టార్చి తగిలించింది. పిడి సంగతి చివర్న చూద్దామని అలాగే ఉంచింది.

తుపాకులు బాగుచేసే ఆర్మరర్ల దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఏ తుపాకీ మీద చెయ్యి పడినా, బల్ల దిగే ముందు మరమ్మతు చేసినవాళ్లే దాన్ని మూడుసార్లు కాల్చాలి. మొదటిది తుపాకీకి, రెండోది చేతికి, మూడోది నమ్మకానికి. దీన్ని 'ఉప్పు చూడటం' అంటారు. ఆ తూటాలు ఏ లెక్కలోనూ ఉండవు. ప్రాక్టీసులో మిగిలిన వాటిలోంచి తీస్తారు, ఏ రిజిస్టర్లోనూ రాయరు. కూరలో ఉప్పు చూసిన చుక్కను ఏ ఇల్లాలు ఎక్కడ రాసుకుంటుంది?

సుంకులమ్మకు ఈ పని నేర్పింది వాళ్ల నాన్న బాబయ్య. ఆయనా ఆర్మరరే. "పరాయి ఇంట్లోకి పోయేటప్పుడు తలుపు తట్టి పోతాం గదమ్మా, ట్రిగ్గరూ అంతే," అనేవాడు. సగం నొక్కి, వదిలి, అప్పుడు పూర్తిగా నొక్కాలి. ట్రిగ్గర్‌లో ఎక్కడైనా గరుకుంటే ఆ సగంలోనే వేలికి తెలిసిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఆమె వేలు తలుపు తట్టకుండా లోపలికి పోలేదు.

ఆ రోజు కాల్పుల రేంజిలో రెండొందల పన్నెండు ఎత్తి పట్టుకున్నప్పుడు ఎదురుగా ఉన్నది అట్ట బొమ్మ. ఆమెకు కనపడింది చక్రపాణి మొహం. మూడూ ఒకే చోట, కంటికీ కంటికీ మధ్య దిగాయి. చెయ్యి ఇసుమంత కదల్లేదు. తరవాత పన్నెండు పిస్తోళ్ల పిడులూ విప్పి, చీటీలు కట్టి, ఎందుకు జారుతున్నాయో చూడమని డాక్టర్ ఫర్హానాకు పంపించింది.

ఫర్హానా ప్లాస్టిక్కుల శాస్త్రం చదివిన పిల్ల. ముప్పై నిండలేదు. టీ పెట్టుకుని మర్చిపోతుంది, ఆ చల్లారిన టీనే తాగుతుంది. పదిరోజుల తరవాత పరుగున ఆయుధాగారానికే వచ్చి సుంకులమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

"అక్కా, పిడి ఎందుకు జారుతుందో నాకు తెలీలేదు. ఇంకోటి తెలిసింది. చూడు."

ఒక పిడిని రెండు నల్లద్దాల మధ్య పెట్టి కింద దీపం వెలిగించింది. మామూలు నల్ల ప్లాస్టిక్కులో రంగు రంగుల చారలు లేచాయి.

"తూటా పేలగానే ఆ దెబ్బ పిడిలోంచి పోతుంది. ఆ క్షణంలో చెయ్యి ఎట్లా పట్టుకుందో, వేలు ఎట్లా నొక్కిందో, అట్లాగే ఇందులో బిగుసుకుపోతోంది. తడి సిమెంటు మీద కోడి నడిచినట్టు. ఇంకోసారి పేలితే పాతది చెరిగి కొత్తది పడుతుంది. కాబట్టి మనకు దొరికేది చిట్టచివరి గుండే."

"చెయ్యి ఎవరిదో తెలుస్తాదా?"

"ఎవరిదో తెలీదు. ఎట్లాంటిదో తెలుస్తుంది." యంత్రం మీట నొక్కితే సన్నటి కాగితం పట్టీ మీద ఒక గీత గీసుకుంటూ బయటికొచ్చింది. "కొత్త రిక్రూట్‌లతో కాల్పించి చూశాను. వెనక టపాకాయ పేల్చి బెదరగొడితే గీత చీమలు చెదిరినట్టు వస్తుంది. నిమ్మళంగా కాలిస్తే నున్నగా వస్తుంది. నూటికి నూరుసార్లూ సరిపోయింది. భయం అబద్ధమాడలేదక్కా."

ఆమె ఎదురు చూసిన రోజు చీటీ కట్టించుకుని ఈ గదిలోనే కూర్చునుంది. "రెండొందల పన్నెండు తియ్యి," అంది సుంకులమ్మ.

కాగితం పట్టీ మెల్లగా జారింది. గీత నూలుపోగులా వచ్చింది. ఎక్కడా చెదరలేదు. ఫర్హానా దాన్ని కళ్ల దగ్గరికి పెట్టుకుని బొమలు ముడిచింది.

"ఇది భయపడ్డ చెయ్యి కాదక్కా. ఇక్కడ చూడు. సగం నొక్కాడు. వదిలాడు. మళ్లీ పూర్తిగా నొక్కాడు. అంటే ఆలోచించుకున్నాడు. చంపుదామా వద్దా అనుకుని, చంపుదామనే చంపాడు."

"నాకు తెల్సు!" అని అరిచింది సుంకులమ్మ. ఆరేళ్లుగా లోపల అదిమిపెట్టిన అరుపు అది. మద్దిలేటి ఎవరో, తను ఎవరో అప్పుడు చెప్పింది. ఫర్హానా ఆమెను వాటేసుకుని ఏడ్చింది. చైర్మన్‌కు ఆ సాయంత్రమే ఉత్తరం పోయింది.

ఇంటికెళ్లి ఈరమ్మకు చెబితే ఆమె పిండి చేతులతోనే డబ్బా ముందు కూలబడింది. "ఇన్నావా," అంది డబ్బాతో. "మీ అక్క మాట నిలబెట్టుకునింది." తరవాత వదిన వైపు తిరిగి, "వాన్ని ఈడ్చుకుపోయేటప్పుడు నేను సూడల్ల. జొన్న మూట ఈడ్చినట్టు ఈడ్సల్ల," అంది.

ఇదంతా బుధవారం. శుక్రవారం పొద్దున సుంకులమ్మ బల్ల మీదికి వేరే పిస్తోలు వచ్చింది, మామూలు మరమ్మతుకు. స్ప్రింగు మార్చి, రేంజికి పోయి, ఉప్పు చూడటానికి చెయ్యెత్తింది. వేలు సగం నొక్కింది. వదిలింది.

అక్కడే ఆగిపోయింది.

సగం నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు. ఆ చక్రపాణికి తలుపు తట్టడం ఎవరు నేర్పారు? బాబయ్య నేర్పింది లోకంలో ఒక్కరికే. ఆ ఒక్కరూ రెండు వారాల కిందట ఇదే చోట నిలబడి, ఇదే చేత్తో రెండొందల పన్నెండుకు ఉప్పు చూశారు.

'చిట్టచివరి గుండే' అని ఫర్హానా చెప్పినప్పుడు ఈ మాట ఎందుకు తట్టలేదు? వంట చేసినామెను ఏం తిన్నావమ్మా అనడిగితే ఉప్పు చూసిన చుక్క చెబుతుందా? అలవాటు అలాంటిది. పైగా పగ కళ్లకు గంతలు కట్టింది. తమ్ముడి చావుకు మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం ఆరేళ్లు లక్కసీలు కింద భద్రంగా ఉంటే, దాన్ని పలక తుడిచినట్టు తుడిచేసింది ఇంకెవరో కాదు, సొంత అక్కే. ఇప్పుడు ఆ పిడిలో ఉన్నది ఆమె చెయ్యి. నిమ్మళంగా, గురి చూసి, మనసులో చక్రపాణిని చంపిన చెయ్యి. పిస్తోలు పూర్తిగా నొక్కకుండానే కిందికి దించింది. సిమెంటు నేల మీద కూర్చుని నెత్తి కొట్టుకుంది.

అయితే ఏం, అని కూడా అనిపించింది. ఆ మాటా దాచడం ఎందుకు? వాడు చంపడం అబద్ధమా? ఆ గీత వాడిది కాకపోయినా వాడికి తగినదే. సోమవారం దాకా ఆమె అలాగే నచ్చజెప్పుకుంది.

సోమవారం అదే హాలు, అవే కుర్చీలు. దళం న్యాయాధికారి ఒకాయన అదనం. ఫర్హానా గీతను తెర మీద పెద్దది చేసి చూపించి, రిక్రూట్‌ల గీతలు పక్కన పెట్టి వివరించింది.

చక్రపాణి లేచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేను ఆ గీత చదవలేను సార్. కానీ ఆ చెయ్యి నాదే కదా, నాకు తెలీదా? అంతకు వారం ముందు అదే మలుపులో మావాణ్ణి ఒకణ్ణి చంపేశారు. ఆ ఆటో అతను సీటు కిందికి వంగాడు. డబ్బా మూత చప్పుడైంది. నా చెయ్యి చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఎప్పుడు పేలిందో నాకే తెలీదు. సగం నొక్కి, వదిలి, మళ్లీ నొక్కే తీరిక నాకెక్కడిది? ఆ గీత తప్పు సార్."

"యంత్రం తప్పు చెప్పదు," అంది ఫర్హానా. ఆమె గొంతులో జాలి లేదు.

అతను అబద్ధమే ఆడుతుండొచ్చు. ఆరేళ్లుగా వల్లెవేసిన మాటలే కావచ్చు. నిజమే చెబుతుండొచ్చు కూడా. ఆ హాల్లో, ఆ మాటకొస్తే ఈ భూమ్మీద, అది తేల్చగలిగినది ఒక్క పిడి. దానికీ ఉప్పు చూసేశారు.

వరదరాజులు గారు చివరి కుర్చీ వైపు తిరిగారు. "సుంకులమ్మా, మీరు మృతుడి అక్క అని ఇప్పుడే తెలిసింది. అయినా ఆయుధాల సంగతి మీకే తెలుసు కాబట్టి అడుగుతున్నాను. ఆ ఘటన తరవాత ఈ పిస్తోలును ఎవరైనా కాల్చారా?"

చక్రపాణి ఆమె వంక చూశాడు. అక్క అన్న మాట అతను అప్పుడే విన్నాడు. ఆ కళ్లల్లో బతిమాలుకోవడం కనపడితే ఆమెకు లోపల చల్లగా అనిపించింది. మద్దిలేటి కూడా ఇలాగే చూసుంటాడు.

"రిజిస్టర్లో లేదు సార్," అంది.

అది అబద్ధం కాదు. అంతకన్నా హీనమైన మాట.

చక్రపాణి నడుముకున్న ఒరను అక్కడే విప్పించారు. ఇద్దరు జవాన్లు చెరో పక్కనా నిలబడి తీసుకెళ్లారు. పాత కేసుల్లో సీలు పడి ఉన్న పిస్తోళ్లన్నీ అన్ని ఆయుధాగారాల నుంచీ ఎర్రకొండకు తెప్పించమని చైర్మన్ ఉత్తర్వు రాయించారు. నూట ముప్పై దాకా తేలాయి. "మొత్తం తిరగరాస్తామక్కా," అంది ఫర్హానా, కళ్లు మెరుస్తుంటే. "తప్పించుకున్న ప్రతివాడూ దొరుకుతాడు."

ఆ సాయంత్రం ఇంటి గుమ్మంలోనే గుత్తివంకాయ వాసన తగిలింది. పొయ్యి మీద బాణలి. మద్దిలేటి ఫోటోకు బంతిపూల దండ, కింద అరటాకు. ఈరమ్మ తలంటుకుని కొత్త చీర కట్టుకుంది. ఆరేళ్ల తరవాత ఆమె మొహంలో నవ్వు చూసి, ఈ పిల్ల ఇంత అందగత్తె అని సుంకులమ్మకు కొత్తగా గుర్తొచ్చింది.

"రా వదినా, రా. ఆయనకు పెట్టినాంకనే నేను తినేది. పొద్దున్నుంచి ఒక్కపొద్దుండా, నోట్లో ఏం ఏసుకోకూడదు." గరిటెతో కాసింత కూర తీసి వదిన ముందు పట్టింది. "నువ్వు ఉప్పు సూడు."

సుంకులమ్మ చెయ్యి చాచింది. నిండు గ్లాసు అరచేతిలో పెట్టినా తొణకదని పేరున్న చెయ్యి అది. కూర దాంట్లో పడగానే అది గడగడా వణికింది, కూర నేల మీద ఒలికిపోయింది.

"కాలిందా వదినా?"

ఆమె అవునని తల ఊపింది. నిజానికి కాలలేదు.

తెల్లారి ఫర్హానా వచ్చేసరికి సుంకులమ్మ ప్రయోగశాల మెట్ల మీద కూర్చునుంది. ఆ పిల్లను రేంజికి తీసుకెళ్లింది. సీలు విప్పని కొత్త పిస్తోలు ఒకటి తీసి, ఎదుటి అట్ట బొమ్మను చూస్తూ, రాత్రంతా కన్నీళ్లతో కడిగినా పోని ఆ చక్రపాణి మొహాన్నే మళ్లీ తలుచుకుని, ఒక్కసారి కాల్చింది. పిడి విప్పి చేతిలో పెట్టింది.

"దీన్ని సదువు."

కాగితం పట్టీ జారింది. నూలుపోగులాంటి గీత. సగం నొక్కి, వదిలి, మళ్లీ నొక్కిన గుర్తు. ఫర్హానా ఆ పట్టీని, రెండొందల పన్నెండు పట్టీని ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తింది. రెండు గీతలూ ఒకటై కనపడ్డాయి.

"అక్కా... ఇదేంటక్కా?"

"నువ్వు సదివింది తప్పు కాదు పాపా. అది హంతకుని చెయ్యే. పేరే తప్పు రాసినాం."

ఉప్పు చూడటం గురించి అంతా చెప్పింది. లెక్కలో లేని మూడు తూటాల గురించి, తలుపు తట్టడం గురించి. "ఇంకో నూట ముప్పై వస్తాండాయి గదా. సీలు పడకముందో, సీలు ఇప్పినాంకనో, వాటికీ ఎవుడో ఒక ఆర్మరర్ ఉప్పు చూసే ఉంటాడు. మా అందరి చేతులూ నిమ్మళంగానే ఉంటాయి. నువ్వు సదివితే అందరూ హంతకులే."

ఫర్హానా మొదట ఏడ్చింది. తరవాత తిట్టింది. ఆ పిల్ల నోట అంత మాటలొస్తాయని సుంకులమ్మ ఎన్నడూ అనుకోలేదు. అవన్నీ తనకు రావలసినవే కాబట్టి నిలబడి విన్నది. చివర్న ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, "ఈరమ్మకు ఎవరు చెబుతారు?" అంది.

"నేనే."

ఈరమ్మ కేకలు వేయలేదు. మాట మొత్తం విన్నది. ఫోటో ముందరి అరటాకు మడిచి, డబ్బా తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆ తరవాత వదినకు అన్నం పెడుతుంది కానీ, కూర ఎలా ఉందని అడగదు.

అసలు సంగతి చైర్మన్ దాకా పోయాక చక్రపాణిని వదిలేశారు. సుంకులమ్మకు మెమో ఇచ్చి, కమిటీలోంచి తీసేశారు. ఆఖరి నివేదిక మాత్రం ఆమె చేతే రాయించారు, ఇంకెవరికీ రాదు కాబట్టి. గస్తీ పిస్తోలుకు నిజంగా అవసరమైన మార్పులు అన్న శీర్షిక కింద ఆమె నాలుగే రాసింది. మెరిసే సైటు. టార్చి. జారని పిడి. నాలుగోది, ఆర్మరర్ కాల్చే మూడు తూటాలకు రిజిస్టర్లో ఒక గడి.

నివేదిక ఇచ్చి వస్తుంటే గేటు దగ్గర చక్రపాణి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మీరు చెప్పకపోయుంటే..."

"దండం పెట్టొద్దు," అంది సుంకులమ్మ. "నేను నిన్ను వదల్లేదు. నా పని నిన్ను వదిలింది. నేనైతే సంపుదును."

అతను తల దించుకున్నాడు. "ఒక్క మాట నమ్మండమ్మా. నిజంగా నా చెయ్యి వణికింది," అన్నాడు.

"ఏమో. అది తెల్సుకునే దారి నేనే మూసేసినా. నువ్వు బతికినంత కాలం చెప్పుకో, నేను బతికినంత కాలం నమ్మను." ఆమె గేటు దాటి, మళ్లీ వెనక్కి తిరిగింది. "డబ్బా మూత తీసేటప్పుడు నిన్ను సూసి నా తమ్ముని చెయ్యి కూడా వణికే ఉంటాది సార్. దాన్ని సదివే మిషను యాడుండాది?"

ఆమె ఆయుధాగారం దారి పట్టింది. బల్ల మీద ఒక పిస్తోలు బాగుచేసి పెట్టి ఉంది, దానికింకా ఉప్పు చూడలేదు.